కాలవ గట్టున పండింది మా వంటింటికి చేరే దారి చూపండి: గోదావరి జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు,
మార్కెటింగ్, వ్యవసాయ, మత్స్య, పౌర సరఫరాల శాఖల అధికారులకు, ఆహార భద్రత అధికారులకు,
మా పట్టణాల మున్సిపల్ కమిషనర్లకు,

నమస్కారం అండి.

చుట్టుపక్కల పండిన కూర, బియ్యం, చేప మాకు బజారులో దొరికేలా చేయమని మా వీధి ఆడవాళ్ళం కొందరం కలిసి, అర్జీలు తీసుకునే సోమవారం నాడు అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. కొన్నాళ్ళకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో మాకు ఎవరూ చెప్పలేదు, రైతు బజారులో మాత్రం ఏమీ మారలేదు. మళ్ళీ పెట్టుకోమంటే మళ్ళీ పెట్టాం, అదీ అలాగే మూసేశారు. ఏ ఆఫీసు, ఏ ఊరు అన్నది ఇక్కడ రాయడం లేదు. చుట్టుపక్కల పట్టణాల్లో ఉన్న మా చుట్టాలను అడిగితే వాళ్ళూ ఇవే ఇబ్బందులు చెబుతున్నారు కాబట్టి ఒక్క ఆఫీసును నిలదీసి లాభం లేదని, అందరికీ కనబడేలా రాస్తున్నాం.

మేము అడిగేది చిన్నదే. పొద్దస్తమానం పనిచేసి సాయంత్రం ఇంటికి వెళ్ళే మామూలు మనిషి, మన చుట్టూ పది పదిహేను కిలోమీటర్లలో పండిన తిండిని, అందులోనూ మందులు తగ్గించి పండించిన తిండిని, గుర్తుపట్టి, అందుబాటు ధరకు, దారిలో కొనుక్కుని వెళ్ళగలగాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఏ సభలో చూసినా ప్రజల్లో అవగాహన రావాలి అంటున్నారు. అవగాహన ఉంది అండి. మా వీధిలో షుగరు మాత్ర వేసుకోని ఇల్లు వెతుక్కోవాలి. పాలిష్ తక్కువ పట్టిన బియ్యం తినమని డాక్టరు చెప్పాడు, ఆకుకూరలు తినమన్నాడు, పురుగుమందుల సంగతి టీవీలో రోజూ చూస్తున్నాం. మరి ఆ బియ్యం ఎక్కడ అమ్ముతున్నారు, ఆ ఆకుకూర ఏ మడిలోది, ఎన్ని గంటలకు వెళ్తే దొరుకుతుంది? అక్కడే ఆగిపోతున్నాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతోంది. వరి సంగతి సరే, లంకల్లో వంగ, బెండ, దొండ, కంద, రావులపాలెం చుట్టూ అరటి, అంబాజీపేట వైపు కొబ్బరి, మండపేట, అనపర్తి వైపు కోళ్ళఫారాలు, భీమవరం చుట్టూ చేపలు, రొయ్యలు, వేసవిలో ముంజలు, పనసపొట్టు, చలికాలంలో తేగలు. ఇంత పండే చోట ఉండి కూడా, ఇది ఎక్కడ పండిందయ్యా అని కొట్టువాడిని అడిగితే మార్కెట్ నుంచి వచ్చిందండి అన్న జవాబు తప్ప ఇంకొకటి రావడం లేదు. అతనికీ తెలియదు పాపం.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాం.

1. రైతు బజారులో ఊరి పేరు రాయించండి.

రైతు బజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. రైతు నేరుగా తెచ్చి అమ్మాలి, దళారీ ఉండకూడదు, ధర రోజూ బోర్డు మీద రాయాలి. మంచి ఏర్పాటు. ఇన్నేళ్ళుగా మాలాంటి వాళ్ళ ఇళ్ళు దాని మీద నడిచాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఆ బోర్డు మీద కూర పేరు, ధర ఉంటాయి, ఊరు ఉండదు. ఉల్లిపాయలు, బంగాళదుంపలు, క్యారెట్ మన దగ్గర పండవు, అవి బయటి నుంచే రావాలి, వాటిని ఆపమని ఎవరూ అనడం లేదు. బాధేమిటంటే బయటి నుంచి లారీలో వచ్చిన బీరకాయ, పక్క లంకలో తెల్లవారుజామున కోసిన బీరకాయ ఒకే ధరకు, పక్కపక్కనే, ఒకేలా కనబడుతూ ఉంటాయి. లంక రైతు పడ్డ కష్టానికి అక్కడ గుర్తింపు లేదు, మాకు ఎంచుకునే వీలు లేదు.

ప్రతి దుకాణం ముందు చిన్న పలక పెట్టించండి. ఏ ఊరు, ఎప్పుడు కోసింది, మందు కొట్టారా లేదా. సుద్దముక్కతో రాసినా చాలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు జిల్లా అంతా సంబరపడింది. ఊరి పేరుకు విలువ ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా, ఆ విలువ వంకాయ పండించే లంక ఊరికి కూడా ఇవ్వమంటున్నాం.

2. సాయంత్రం ఏడు గంటలకు కూడా కూర దొరకాలి.

రైతు బజారుకు పొద్దున్నే ఆరింటికి వెళ్తే మంచి సరుకు దొరుకుతుంది. ఆ టైముకు వెళ్ళగలిగేది ఎవరు? రిటైరైనవాళ్ళు, బండి ఉన్నవాళ్ళు, ఇంట్లో పని పంచుకునే మనిషి ఉన్నవాళ్ళు. రొయ్యల ప్లాంటులో తొక్క తీసే ఆడపిల్ల ఆ టైముకు కంపెనీ వ్యానులో ఉంటుంది. బట్టల కొట్లో సేల్స్ చేసే అమ్మాయి, ప్రైవేటు స్కూలు టీచరు, రైసుమిల్లు హమాలీ, పెద్దాసుపత్రిలో డ్యూటీ చేసే నర్సు, వీళ్ళంతా చీకటి పడ్డాక ఇంటి దారి పడతారు. అప్పటికి రైతు బజారులో మిగిలేవి వాడిపోయిన తోటకూర కట్టలు, ఏరగా వదిలేసిన టమాటాలు. చేసేది లేక బస్టాండు దగ్గర ఏది కనిపిస్తే అది కొనేస్తారు, ఇంకా ఆలస్యమైతే బజ్జీలో నూడుల్సో పట్టుకుని ఇంటికి వెళ్తారు. వాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనడం అన్యాయం.

ఆర్టీసీ కాంప్లెక్సుల్లో, ప్రభుత్వాసుపత్రుల గేట్ల దగ్గర, రైల్వే స్టేషన్ల బయట సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు రైతు బజారు కౌంటరు పెట్టండి. మధ్యాహ్నం కోత కోసిన కూర సాయంత్రానికి తేవడం డెల్టాలో పెద్ద దూరం కాదు. కరోనా లాక్‌డౌన్‌లో సంచార రైతు బజార్లు వీధుల్లోకి వచ్చాయి, అందరం చూశాం. రైతు బజార్లు పెట్టిన కొత్తలో రైతులు కూరలు తెచ్చుకోవడానికి ఆర్టీసీ బస్సులు నడిపిన సంగతీ పెద్దవాళ్ళు చెబుతారు. చేసిన పనే మళ్ళీ చేయమంటున్నాం.

3. కౌలు రైతుకు, బుట్ట పెట్టుకునే మామ్మగారికి చోటు ఇవ్వండి.

ఇది చాలామందికి తట్టని సంగతి, మాకు కూరలు వేసే మామ్మగారు చెబితేనే తెలిసింది. రైతు బజారు కార్డు కావాలంటే భూమి కాగితం అడుగుతారట. డెల్టాలో పొలం దున్నేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదారులే. పట్టాదారు పాసు పుస్తకం వాళ్ళ దగ్గర ఎందుకు ఉంటుంది? 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోవచ్చు అంటారు, దానికి భూ యజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు, ఎక్కడ భూమి పోతుందో అని ఆయన భయం ఆయనది. దాంతో నిజంగా పండించినవాడికి రైతు బజారులో చోటు ఉండదు. వాడు కమిషన్ కొట్టుకు వేసుకుంటాడు, అక్కడ తూకం, ధర అన్నీ వాళ్ళ ఇష్టం, ఆ కూర రెండు చేతులు మారి మళ్ళీ మా వీధికే వస్తుంది ఎక్కువ ధరకు.

ఈ-పంట నమోదులో సాగు చేసేవాడి పేరు ఉంటుంది కదా. దాన్ని చూసి కార్డు ఇవ్వండి. పాతిక సెంట్లలో ఆకుకూరలు వేసుకునే వాళ్ళకు అదీ లేకపోతే రైతు సేవా కేంద్రం వ్యవసాయ సహాయకుడు మడి చూసి రాసిచ్చినా సరిపోవాలి.

లంక నుంచి నెత్తిన బుట్టతో వచ్చి రోడ్డు పక్కన కూర్చునే ఆడవాళ్ళ విషయం మున్సిపల్ కమిషనర్లు ప్రత్యేకంగా వినాలి. అమ్ముకునేది రెండు మూడు వందల సరుకు, అందులో ఆశీలు, అంటే బజారు రుసుము, కట్టాలి, ట్రాఫిక్ అని లేపేస్తే ఇంకో వీధి వెతుక్కోవాలి, బుట్ట లాక్కుంటే ఆ రోజు కూలీ పోయినట్టే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలని, వ్యాపారుల సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. తాజా కూర మా గుమ్మం దాకా తెచ్చేది ఈ మామ్మగార్లే. ప్రతి వార్డులో వాళ్ళకు నీడ, నీళ్ళు ఉన్న చోటు ఒకటి గుర్తించి, సొంత పంట అమ్ముకునేవాళ్ళ దగ్గర ఆశీలు వసూలు ఆపించండి.

4. బియ్యం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మూడు పూటలా తినేది అదే.

మారుతేరు వరి పరిశోధనా స్థానం 1925 నుంచి ఉంది. అక్కడి నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, దేశంలో చాలా రాష్ట్రాల్లో పండించారు. ఆ మారుతేరుకు కూతవేటు దూరంలో ఉన్న పట్టణంలో కొట్టుకు వెళ్ళి స్వర్ణ బియ్యం ఐదు కిలోలు ఇవ్వమంటే లేదంటారు. మన సార్వా (ఖరీఫ్) ధాన్యం ఎక్కువ భాగం కొనుగోలు కేంద్రం ద్వారా మిల్లుకు, అక్కడి నుంచి పౌర సరఫరాలకు పోతుంది. దాళ్వాలో (రబీలో) పండే లావు రకం బొండాలు కేరళ వెళ్తాయి. మేము తినేది ఏదో పేరున్న 26 కిలోల బస్తా. సంచి మీద దేవుడి బొమ్మో పువ్వు బొమ్మో ఉంటుంది కానీ అందులో ఏ రకం, ఏ జిల్లాది, కొత్తవా పాతవా, ఎన్నిసార్లు పాలిష్ పట్టారు, ఏమీ తెలియదు.

లెక్క చూడండి. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు, అంటే మన 75 కిలోల బస్తా సుమారు 1,777. క్వింటాలుకు 67 కిలోల బియ్యం అన్న లెక్కన బస్తాకు 50 కిలోల బియ్యం. కిలోకు రైతు చేతికి వచ్చింది 35 రూపాయల చిల్లర. మా కొట్లో 50 దాటితే తప్ప తినదగ్గ బియ్యం లేదు. రకం వేరు, మిల్లు ఖర్చు, రవాణా, సంచి అన్నీ ఉంటాయి, కాదనడం లేదు. కానీ పక్క ఊరి ధాన్యం పక్క ఊరి మిల్లులో ఆడి పక్క వీధిలో అమ్మితే ఆ తేడాలో కొంతైనా రైతుకు, కొంతైనా మాకు మిగలదా?

ఇంకొకటి. 26 కిలోల బస్తా ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మిల్లులు సంచి ఒక కిలో పెంచాయి. నష్టపోయింది ఎవరు? నెలకు ఒకేసారి బస్తా కొనలేని మనిషి. ప్రకృతి వ్యవసాయం చేసి తన బియ్యాన్ని ఐదు కిలోల సంచిలో ఊరి పేరు వేసి అమ్ముకుందామనుకున్న చిన్న రైతు సంఘం. పేరు రాసి నిజాయితీగా అమ్మితే పన్ను పడుతుంది. ఇది మీ చేతిలో లేదని తెలుసు, జీఎస్టీ మండలిలో మన రాష్ట్రం తరఫున అడిగించమని పైకి రాయండి. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. విడిగా తూచి అమ్మితే ఆ పన్ను లేదు. రైతు బజారులో విడి బియ్యం కౌంటరు పెట్టండి, రకం పేరు, ఊరి పేరు పలక మీద రాసి, ఒక్క కిలో అయినా తూచి ఇవ్వండి. సింగిల్ పాలిష్, ముడి బియ్యం కూడా అక్కడే ఉంచండి. ఇప్పుడు ముడి బియ్యం కావాలంటే ఏసీ కొట్లో అద్దాల బీరువాలో ఉంటోంది, ఆ ధర చూసి వెనక్కి వచ్చేస్తున్నాం. పాలిష్ తక్కువ పట్టిన బియ్యానికి ఎక్కువ ధర ఏ లెక్కనో మాకు అర్థం కావడం లేదు. 2024 జూలైలో ధరలు మండినప్పుడు రైతు బజార్లలో కందిపప్పు, బియ్యం కౌంటర్లు ప్రభుత్వమే పెట్టింది, జనం వరస కట్టి కొన్నారు. కాబట్టి కౌంటరు పెట్టడం సాధ్యం కాదన్న జవాబు మాత్రం దయచేసి ఇవ్వకండి.

5. ప్రకృతి వ్యవసాయం పేరు విన్నాం, పంట చూడలేదు.

రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మన రాష్ట్రంలో నడిచే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, ప్రపంచమంతా మెచ్చుకుంది. మాకూ గర్వమే. పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు, వేపాకుతో చేసే నీమాస్త్రం తయారుచేసి ఒళ్ళు హూనం చేసుకునే రైతులు మన మండలాల్లోనే ఉన్నారు. వాళ్ళ కూర మాకు కనబడదు. ఎప్పుడో కలెక్టరేట్ ఆవరణలో వారానికో రోజు బల్ల వేస్తారు, అక్కడికి ఉద్యోగులు తప్ప ఎవరు వెళ్తారు? మిగతాది మామూలు కూరల్లో కలిసిపోయి మామూలు ధరకే పోతుంది. రైతుకు ఎక్కువ రాదు, రెండు మూడేళ్ళు చూసి మళ్ళీ మందుల కొట్టుకు వెళ్తాడు. అతన్ని ఎలా తప్పుపడతాం?

మరోవైపు ఆర్గానిక్ అని బోర్డు పెట్టి రెట్టింపు ధరకు అమ్మే కొట్లు వెలిశాయి. అందులో నిజమెంతో చెప్పేవాళ్ళు లేరు. రైతులే ఒకరి పొలం ఒకరు చూసి హామీ ఇచ్చుకునే పీజీఎస్ పద్ధతి దేశంలో ఉంది, సేంద్రియ సరుకు ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తు ఉండాలన్న నిబంధన 2017లో వచ్చింది. ఆ గుర్తు ఎలా ఉంటుందో ఒక్క ఫ్లెక్సీ అయినా ఏ బజారులోనూ మేము చూడలేదు.

నమ్మకం కలగాలంటే పరీక్ష ఉండాలి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వెల్లాయణి ల్యాబులో మార్కెట్ కూరగాయలను పరీక్షించి, ఏ కూరలో మందు అవశేషాలు దొరికాయో, వేటిలో దొరకలేదో జనానికి ప్రకటిస్తారు. మనమూ అలా చేయాలి. ప్రతి రైతు బజారు నుంచి, ప్రతి పెద్ద హోల్‌సేల్ మార్కెట్ నుంచి నెలకోసారి నమూనాలు తీయించి, ఫలితం అదే బజారు గేటు దగ్గర తెలుగులో అంటించండి. రైతు పేరు వేసి పరువు తీయొద్దు, మొదటిసారి దొరికితే వ్యవసాయ సహాయకుడిని పంపి నేర్పించండి. మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో డబ్బా మీద సన్న అక్షరాల్లో ఉంటుంది, చాలామందికి అది చదివి చెప్పేవాళ్ళు లేక ఈ సమస్య వస్తోంది.

6. చేపలు, రొయ్యలు.

భీమవరం, కైకలూరు వైపు నుంచి ఐసు పెట్టెల లారీలు బెంగాల్, అస్సాం వెళ్తాయి. ఎగుమతికి పోయే రొయ్యకు యాంటీబయోటిక్ పరీక్షలు చేస్తారు, తేడా వస్తే విదేశాలు కంటైనరు వెనక్కి పంపేస్తాయి. 2018లో ఫార్మలిన్ గొడవ వచ్చినప్పుడు అస్సాం కొన్నాళ్ళు బయటి చేపలు ఆపేసింది, కేరళ సరిహద్దులో లారీలు ఆపి తనిఖీ చేశారు. అంటే మన చేపను పరీక్షించమని పట్టుబట్టేది వేరే రాష్ట్రాలు, పరాయి దేశాలు. ఇక్కడ మా గిన్నెలోకి వచ్చే శీలావతినీ బొచ్చెనీ ఎవరు పరీక్షిస్తున్నారు? ఫార్మలిన్, అమ్మోనియా ఉన్నాయో లేదో నిమిషాల్లో చెప్పే కాగితపు కిట్లు కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. చేపల మార్కెట్‌కు ఒక కిట్ డబ్బా, వారానికో తనిఖీ, ఫలితం గోడ మీద. ఇది ఖర్చు పెద్దగా లేని పని.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతులు గోలపెట్టారు, మన జనమే రొయ్య ఎక్కువ తినాలని పెద్దలు అన్నారు. తింటాం అండి. కానీ అర కిలో రొయ్యలు శుభ్రం చేసి ఐసులో పెట్టి అమ్మే చోటు ఏది? చేపల మార్కెట్ అంటే బురద, ఈగలు, నీళ్ళు లేని కుళాయి. బేసిన్ ముందు పెట్టుకుని ఎండలో కూర్చునే మత్స్యకార ఆడవాళ్ళకు ఐసు దొరకదు, మధ్యాహ్నానికి సరుకు చెడిపోతుంది, అయినకాడికి అమ్ముకుని వెళ్తారు. ముందు వాళ్ళకు నీడ, ఐసు, నీళ్ళు ఇవ్వండి. ఆ తరువాత మమ్మల్ని ఎక్కువ తినమనండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్లు, మోటారు పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో కూడా బల్లల మీద సముద్రపు చేప అని అమ్ముతారు, వరద రోజుల్లో ఎక్కడిదో చేప తెచ్చి గోదావరి పులస అంటారు. సముద్రానిదా, ఏటిదా, చెరువుదా అన్నది రాసి అమ్మమనండి. వేట ఆపినవాళ్ళ త్యాగానికి అర్థం ఉంటుంది.

చెరువుల గురించి కూడా ఒక మాట. అనుమతి లేకుండా వరి చేల మధ్య తవ్విన చెరువుల ఉప్పునీళ్ళు పక్క పొలంలోకి, మంచినీళ్ళ బావుల్లోకి దిగుతున్నాయని ఊళ్ళు మొత్తుకుంటున్నాయి. నియమాలు పాటించి పెంచిన చెరువు ఏదో, పాటించనిది ఏదో కొనేవాళ్ళకు తెలిసే దారి ఉంటే మంచి రైతుకే లాభం.

7. అరటిపళ్ళు.

కార్బైడుతో పళ్ళు మగ్గబెట్టడం నిషేధం, 2011 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అయినా పండగల ముందు గెలలు ఒక్క రాత్రిలో పండినట్టు మారిపోతాయి, తొక్క పసుపు, లోపల గట్టి. చిన్న వ్యాపారి దగ్గర ఇథిలీన్ గది ఉండదు, కట్టుకునే స్తోమతా లేదు. దాడులు చేసి రెండు గెలలు పారబోసి ఫొటో దిగితే మారదు. మార్కెట్ యార్డుల్లో, రైతు బజార్లలో అందరూ వాడుకునే మగ్గబెట్టే గది కట్టించి గెలకు ఇంతని తీసుకోండి. చక్కెరకేళి, అమృతపాణి మన సొంత రకాలు, వాటికి ముందు చోటు ఇవ్వండి.

8. బడి భోజనం, అంగన్‌వాడీ, హాస్టళ్ళు.

మధ్యాహ్న బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ కోనసీమ లంకల గన్నవరంలో ఉండి, వరదల్లో ఏరు దాటి వచ్చినవాళ్ళకు కూడా అన్నం పెట్టిన తల్లి. ఆ పేరున్న భోజనంలోకి కూర ఆ మండలం రైతు దగ్గర నుంచి రావాలని అడగడం న్యాయమే కదా. బిల్లులు ఆలస్యమైతే వంట చేసే ఆడవాళ్ళు అరువిచ్చే కొట్టు దగ్గరే సరుకు తేవాలి, అక్కడ ఏది ఉంటే అదే పిల్లల కంచంలోకి వస్తుంది. నెల నెలా బిల్లు చెల్లించండి, ఆ బడికి దగ్గర ఉన్న ఇద్దరు ముగ్గురు రైతులతో, డ్వాక్రా సంఘంతో ఒప్పందం చేయించండి. రాగిజావకు రాగులు మన ఏజెన్సీలో, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పండుతాయి, గిరిజన సహకార సంస్థ ద్వారా అక్కడివే కొనండి. ఏడాది పొడుగునా కొనేవాడు ఒకడు ఖాయంగా ఉన్నాడంటే రైతు మందులు తగ్గించే ధైర్యం చేస్తాడు, ఆ మిగులు పంటే మా బజారుకు వస్తుంది. మిగతా ఏడు పాయింట్లకూ ఇది సాయపడుతుంది.

జనం చవకదే కొంటారు, మంచిది పెట్టినా కొనరు అని ఒక అధికారి మాతో అన్నారు. చవకగా కొనక తప్పదు అండి, మా జీతాలు అలాంటివి. కానీ ధర ఒకటే అయినప్పుడు, లేదా కిలోకు రెండు మూడు రూపాయలే తేడా ఉన్నప్పుడు, పక్క ఊరి రైతును వదిలి ఎవరు వెళ్తారో ఒక్కసారి పెట్టి చూడండి. ఇంతవరకు పెట్టి చూడలేదు.

పైవన్నీ ఒకేసారి చేయమనడం లేదు. ఊరి పేరు పలక, సాయంత్రం కౌంటరు, కౌలు రైతుకు కార్డు, విడి బియ్యం కౌంటరు, ఈ నాలుగూ ఒక్కో జిల్లాలో ఒక్కో రైతు బజారులో వచ్చే సంక్రాంతి లోపు మొదలుపెట్టండి. నమూనా పరీక్షలకు, చేపల మార్కెట్ల బాగుకు ఎంత ఖర్చవుతుందో, ఎప్పటికి చేస్తారో తేదీతో చెప్పండి. పలకలు రాయడానికి, ధరలు, ఫలితాలు వాట్సాప్ గ్రూపుల్లో పంచడానికి మా వీధి వాళ్ళం వస్తాం, డిగ్రీ చదివే పిల్లలూ వస్తామన్నారు.

ఈ లేఖ ప్రతిని మళ్ళీ సోమవారం అర్జీకి జతచేసి ఐదు జిల్లాల్లోనూ ఇస్తున్నాం. ఈసారి పరిష్కారమైంది అన్న మెసేజ్ వద్దు. ఎనిమిది పాయింట్లలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, చేయలేకపోతే ఎందుకు, కాగితం మీద రాసి సంతకంతో పంపించండి. చదువుతున్న మిగతావాళ్ళు మీ ఊరి బజారు ఇబ్బంది ఏదైనా ఉంటే దీనికి కలిపి మీ కలెక్టరు గారికి ఇవ్వండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలోని ఒక పట్టణం నుంచి, కూరల సంచి పట్టుకుని రోజూ బజారుకు వెళ్ళే ఆడవాళ్ళం